కొత్తవాడ రంగునీళ్లకు ఊక బూడిద చాలదా?

మగ్గంగుంట:
మాది కొత్తవాడ. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. నూలు చిలపలకు రంగు అద్దాక గంగాళంలో మిగిలిన నీళ్లు మాత్రం ఈరోజుకీ మురికి కాలువలోకే. ఒక రోజు కాలువ ఎరుపు, మర్నాడు ఆకుపచ్చ. చుట్టూ ఇన్ని రైసు మిల్లులు, ఊక బూడిదకు కొదవలేదు. బూడిద రంగును పట్టేస్తుందంటారు. ప్రతి అద్దకపు ఇంటి వెనుక ఒక బూడిద తొట్టి కట్టుకుని ఆ నీళ్లను దాని మీదుగా పంపితే సరిపోదా? శుద్ధి కేంద్రం వచ్చేదాకా ఎదురుచూడాలా?

హన్మకొండ కెమిస్ట్రీ:
సరిపోదు. బూడిద రంగును ఇట్టే లాగేసిందని చెప్పే ప్రయోగాలు చాలావరకు మెథిలీన్ బ్లూ అనే నీలి రంగుతో చేసినవి. దానిది ధనావేశం. బూడిదలో ఎక్కువగా ఉండే సిలికాది నీటిలో రుణావేశం. అందుకే ఆ నీలి రంగు పిలవకుండానే వచ్చి అతుక్కుంటుంది. నూలుకు వేసే రియాక్టివ్ రంగులది కూడా రుణావేశమే. పైగా సోడా కలిపిన ఆ నీళ్ల పీహెచ్ 10, 11 దాకా ఉంటుంది, అంటే క్షారం ఎక్కువ; దాంతో బూడిద రుణావేశం ఇంకా పెరుగుతుంది. ఇక అవి దగ్గరికెలా వస్తాయి? బూడిద రంగును పట్టే ఈ అధిశోషణమంటే స్పాంజి నీళ్లు పీల్చుకోవడం కాదండీ, పైపొరకు అంటుకోవడం.

మగ్గంగుంట:
మాస్టారూ, మీ మాట నమ్మక నిన్న రెండు గాజు గ్లాసులు పెట్టి చూశాను. ఒకదానిలో మందుల దుకాణంలో కొన్న జెన్షన్ వయొలెట్ (ఊదా మందు, మీరన్న ధనావేశం రంగే) రెండు చుక్కలు, రెండోదానిలో మా గంగాళం ఎరుపు. రెండింటిలోనూ చెరో గుప్పెడు బూడిద వేసి కలిపి, గంట తర్వాత పాత పంచె గుడ్డలో వడగట్టాను. ఊదా నీళ్లు తేటపడ్డాయి. ఎరుపు ఎరుపుగానే ఉంది. క్షారం తగ్గుతుందేమోనని దానిలో నిమ్మ ఉప్పు వేస్తే బుసబుసా పొంగింది. మళ్లీ బూడిద వేస్తే గులాబీ రంగుకు దిగింది. అంతే, పోలేదు.

మిల్లు బాయిలర్:
ఏ బూడిద వాడారు? పూర్తిగా కాలిన తెల్ల బూడిదలో దాదాపు అంతా సిలికానే. నల్ల బూడిదలో కాలని బొగ్గు మిగులుతుంది, రంగు పట్టేది ఎక్కువగా అదే. రెండింటినీ ఒకే బస్తాలో కట్టి బూడిద పనికిరాదంటే ఎలా?

కాలువ పక్కిల్లు:
నల్లదైనా తెల్లదైనా, రంగు తాగిన బూడిదను ఎక్కడ పోస్తారు? మా గోడ పక్కనే కదా! వాన పడితే మళ్లీ కాలువలోకే.

హన్మకొండ కెమిస్ట్రీ:
అసలు చిక్కు అదే. టర్కాయిజ్ రియాక్టివ్ రంగులో రాగి ఉంటుంది. వాడిన బూడిదను కాలిస్తే రంగు కాలిపోయినా రాగి బూడిదలోనే మిగులుతుంది. ఆమ్లంతో కడిగితే ఆ ఆమ్లంలోకి దిగుతుంది. లోహం చోటు మారుతుందే తప్ప మాయం కాదు. అద్దకంలో వేసిన ఉప్పును బూడిద ముట్టుకోనైనా ముట్టుకోదు. రంగు పోయి తేటగా కనిపించే ఉప్పునీళ్లను చూసి, శుద్ధి అయిపోయిందని పిల్లలను ఆడుకోనిస్తారేమోనని నా భయం.

మిల్లు బాయిలర్:
అయితే ఏమీ చేయకుండా కూర్చోమంటారా సార్?

హన్మకొండ కెమిస్ట్రీ:
అనలేదు. గంగాళం నీళ్లను, చిలపలు కడిగిన నీళ్లను కలపకండి. కడుగు నీళ్లలో రంగు, ఉప్పు తక్కువ. క్షారాన్ని తగ్గించి వాటిని నల్ల బూడిద మీదుగా పంపండి. తొట్టి కింద నుంచి రంగు దిగడం మొదలైన రోజే బూడిద మార్చాలి. చిక్కటి గంగాళం నీళ్లకు ఉమ్మడి శుద్ధి కేంద్రం కావలసిందే.

మగ్గంగుంట:
బాయిలర్ అన్నా, నల్లది రెండు బస్తాలు పంపండి. గంగాళం నీళ్లు ఇవాళ్టి నుంచి డ్రమ్ములో పోస్తున్నాను. నాలుగు రోజుల్లో అది నిండుతుంది. నిండాక ఎవరు వచ్చి తీసుకెళ్తారు?