మన అడవిని, మన సముద్రాన్ని చూపించే జూలు, అక్వేరియంలు ఏవి?

ప్రశ్న: సాగర్‌నగర్ వాసి

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నంలో ఉంటాము. ఐదో తరగతి, రెండో తరగతి చదువుతున్న మా పిల్లలకు జిరాఫీ, జీబ్రా, కంగారూ బాగా తెలుసు గాని, మా అత్తగారు మాడుగుల కొండల దగ్గర తన చిన్నతనంలో చూసిన అలుగు (పాంగోలిన్), దుమ్ములగొండి (హైనా), బెట్టుడుతల గురించి చెబితే అవి కథల్లోని జంతువులని అనుకుంటున్నారు. అందుచేత ఇకమీదట సెలవులకు ఎక్కడికి వెళ్ళినా, మన దేశంలో సహజంగా పుట్టి పెరిగే జంతువులను చూపించే జూలనూ అక్వేరియంలనూ వెతుక్కుని వెళ్ళాలని అనుకుంటున్నాము. అభయారణ్యాల్లో ఒక పూటంతా తిరిగినా నాలుగు జింకలు, ఒక నెమలి తప్ప మరేమీ కనిపించకపోవచ్చునని, పిల్లలకు అంత ఓపిక ఉండదని తెలిసే జూలను ఎంచుకున్నాము.

మా ఊరి జూకు చాలాసార్లు వెళ్ళాము. బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని కూడా చూశాము. ఇక బయటి ఊళ్ళలో దేనికోసం ఏ జూకు వెళ్ళాలో, సముద్ర జీవుల కోసం ఏ అక్వేరియం చూడాలో అనుభవమున్నవారు చెప్పగలరు. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు కూడా వస్తారు కాబట్టి, నడక సంగతి కూడా రాస్తే మేలు.

జవాబు: కంబాలకొండ నీడ

అమ్మా, నమస్కారం. నేను జంతుశాస్త్రం పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. బయటి ఊళ్ళ సంగతికి ముందు, మన ఊరి జూను మీరు చూసిన పద్ధతి ఒకసారి మార్చి చూడమని నా మనవి. కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో, 1977లో ప్రారంభమైన ఈ ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలో సందర్శకులంతా తెల్లపులి దగ్గరా జిరాఫీ దగ్గరా గుమిగూడి, రేచుకుక్కల ఎన్‌క్లోజర్‌ను అర నిమిషంలో దాటిపోతారు. నిజానికి ఈ జూకు దేశంలో ప్రత్యేకమైన పేరు ఆ రేచుకుక్కల వల్లనే వచ్చింది. అంతరించే ప్రమాదంలో ఉన్న ఈ జాతి సంరక్షణ, పునరుత్పత్తి బాధ్యతను కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ విశాఖ జూకే అప్పగించింది.

ఉదయం జూ తెరవగానే నేరుగా అక్కడికే వెళ్ళి, పిల్లలను మాట్లాడకుండా కాసేపు నిలబడమనండి. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, గుండ్రటి చెవులు, నల్లటి కుచ్చుతోక ఉన్న ఆ జంతువులు ఊరకుక్కల్లా మొరగవు. ఒకదానినొకటి పిలుచుకోవడానికి ఈల వేస్తాయి. గుంపులో ఒకటి కదిలితే మిగిలినవన్నీ దాని వెనకే కదులుతాయి. పిల్లలున్న సమయంలో అయితే పెద్దవి తిన్న మాంసాన్ని కక్కి కూనలకు పెట్టడం కూడా కనిపించవచ్చు. మీ అత్తగారిని అడిగి చూడండి, మన్యం వైపు పెద్దవాళ్ళకు రేచుకుక్కల గుంపు వేట గురించి తెలియకుండా ఉండదు.

తెల్లపులి గురించి కూడా ఒక మాట. అది వేరే జాతి కాదు, హిమాలయాల నుంచి వచ్చిన పులి అంతకంటే కాదు; ఒక జన్యు లక్షణం వల్ల రంగు మారిన మన బెంగాల్ పులే. 1951లో రీవా అడవుల్లో పట్టుబడిన మోహన్ అనే పులి సంతానంలో దగ్గరి బంధువులను జతకట్టించడం వల్ల జూలలో వీటి సంఖ్య పెరిగింది. సింహం విషయంలోనూ బోర్డు చూసి నమ్మేయకండి. ఆఫ్రికా సింహాలనూ గిర్ సింహాలనూ కలిపిన సంకర సంతానం ఒకప్పుడు మన జూలలోనూ సర్కసుల్లోనూ చాలా ఉండేది. సర్కసుల నుంచి విడిపించిన అటువంటి జంతువులకు విశాఖ జూ దగ్గరే పునరావాస కేంద్రం కూడా పెట్టారు. అసలైన గిర్ సింహాన్ని దాని సొంత ప్రాంతంలో చూడాలంటే 1863లో ఏర్పడిన జునాగఢ్ సక్కర్‌బాగ్ జూకు వెళ్ళాలి.

బయటి ఊళ్ళకు వెళ్ళేటప్పుడు పెద్ద జూ ఏదని కాకుండా, ఏ జూ ఏ జంతువును పెంచి కాపాడుతోందని అడగడం మంచిదని నా అభిప్రాయం. హైదరాబాదు నెహ్రూ జూలో మూషిక జింకల పని చూడండి. కుందేలుకంటే కాస్త పెద్దదిగా ఉండే ఈ చుక్కల జంతువు తెలుగు అడవుల్లో ఉన్నదని కూడా చాలామందికి తెలియదు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలతో కలిసి 2010లో వాటి పునరుత్పత్తి మొదలుపెట్టి, పెరిగిన వాటిని అమ్రాబాద్ అడవిలో విడిచిపెట్టారు. అదే జూలో నిశాచర జంతువుల గృహం ఉంది. అక్కడ పగలు చీకటిగా ఉంచి రాత్రి దీపాలు వెలిగిస్తారు కాబట్టి, మనం వెళ్ళే వేళకు ఆ జీవులు మేలుకుని ఉంటాయి. లోపలికి అడుగు పెట్టగానే ఏమీ కనిపించక చాలామంది గోల చేస్తూ బయటికి వచ్చేస్తారు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగితే, దేవాంగ పిల్లి ఒక్కొక్క చేతినే ముందుకు చాస్తూ కొమ్మ మీద నెమ్మదిగా కదలడం చూడవచ్చు.

మరీ దూరమైనా వెళ్ళదగినది డార్జిలింగ్‌లో సుమారు ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న పద్మజా నాయుడు హిమాలయన్ జూ. ఎర్ర పాండా, మంచు చిరుత అక్కడ తమ వాతావరణంలోనే ఉంటాయి. అటువంటి జంతువులను మైదాన ప్రాంతపు ఉక్కలో, కూలర్ ముందు చూడడం నాకు నచ్చదు. అయితే ఆ జూ అంతా ఎగుడుదిగుడు దారే. మీ అత్తగారి మోకాళ్ళకు అది తగదు.

జవాబు: భువనేశ్వర్ తెలుగువాడు

మాది శ్రీకాకుళం, ఉద్యోగరీత్యా భువనేశ్వర్‌లో ఉంటున్నాను. విశాఖలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి ఇక్కడ దిగవచ్చు కాబట్టి, బయటి జూలలో మీరు మొదట చూడవలసినది నందన్‌కానన్ అని చెబుతాను. 1960లో ప్రారంభమైన ఈ జూ ఒక అడవిలో, కంజియా సరస్సు పక్కన ఉంది. మీ అత్తగారు చెప్పిన అలుగుకు దేశంలో సంరక్షణ, పునరుత్పత్తి కేంద్రం ఉన్నది ఇక్కడే. అలుగు రాత్రిపూట తిరిగే జంతువు. పగలు పొలుసుల బంతిలా చుట్టుకుని పడుకుంటుంది కనుక దాని ముఖం కనిపించకపోతే నిరాశపడవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

నా దృష్టిలో ఇక్కడ అంతకంటే గొప్ప దృశ్యం ఘరియల్ మొసళ్ళు. సన్నటి పొడవాటి ముట్టె, పెద్ద మగవాటికి ముట్టె చివర కుండలాంటి బుడిపె ఉంటాయి. నిర్బంధంలో ఉన్న ఘరియల్ గుడ్లు పెట్టి పిల్లలను చేయడం ప్రపంచంలో మొదటిసారి 1980లో ఇక్కడే జరిగింది. మహానదిలోని సత్‌కోసియా దగ్గర కొన్ని దశాబ్దాల తర్వాత 2021లో ఘరియల్ పిల్లలు సహజంగా పుట్టినప్పుడు ఇక్కడి పత్రికలన్నీ ఆ వార్తే రాశాయి. పెద్దవారికి బ్యాటరీ వాహనాలు ఉంటాయి గాని, సెలవు రోజుల్లో వాటి కోసం చాలాసేపు నిలబడవలసి వస్తుంది. కాబట్టి ఆదివారం రాకండి.

జవాబు: జాలారిపేట దారి

జూల గురించి పెద్దలు చక్కగా రాశారు. అక్వేరియంల విషయంలో మాత్రం నేను కొంత నిరుత్సాహపరచక తప్పదు. మన దేశంలో చాలా అక్వేరియంలలో ముందుగా కనిపించేవి అమెజాన్ నది అరపైమా, ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్, జపాన్ కోయి, చైనా గోల్డ్ ఫిష్. అవి అందంగానే ఉంటాయి. కాని వాటిని చూసి బంగాళాఖాతం గురించి తెలిసేది ఏమీ లేదు. ఇటీవల పేరు తెచ్చుకున్న అహ్మదాబాద్ సైన్స్ సిటీ అక్వేరియంలో సొరచేపల సొరంగం పిల్లలకు పండగే గాని, అదీ ప్రపంచం నలుమూలల జీవుల ప్రదర్శనే. స్థానిక సముద్ర జీవుల కోసం వెళ్ళాలంటే పశ్చిమ బెంగాల్‌లోని దిఘాలో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ నడిపే అక్వేరియం, కేరళలో విళింజం దగ్గర కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అక్వేరియం మేలైనవి. అవి చిన్నవి, మెరుపులు తక్కువ. టికెట్ కొనేముందు ఏ అక్వేరియం అయినా సరే, తొట్టె మీది పలకలో ఆ చేప ఏ నీటిదో రాశారా లేదా అని అడిగి తెలుసుకోండి.

అయితే విశాఖలో ఉన్నవారికి ఇంత దూరం ఎందుకన్నది నా సందేహం. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తే వంజరం, చందువ, కానాగంతలు, సావళ్ళు, టేకు చేపలు గుట్టలుగా పోసి వేలం వేస్తుంటారు. ప్రాణం ఉన్నవి కాకపోయినా, మన సముద్రంలో ఏమేమి ఉన్నాయో ఒక్క గంటలో తెలుస్తుంది. ప్రాణమున్నవే చూడాలంటే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా వెనక్కి తీసే సమయం చూసుకుని తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరికో, రుషికొండ రాళ్ళ దగ్గరికో వెళ్ళండి. రాళ్ళ మధ్య నిలిచిన మడుగు మీద మీ నీడ పడకుండా వంగి చూస్తే, మొదట ఖాళీ నీరే అనిపిస్తుంది. కాసేపటికి ఒక గుల్ల లేచి నడుస్తుంది. అది సన్యాసి పీత. గోడకు జిగురు ముద్దలా అంటుకున్నది నీరు తగలగానే వేళ్ళు విప్పుతుంది. అది సముద్ర పుష్పం. రాళ్ళు తిరగేయవద్దని, ఏదీ సీసాలో వేసుకురావద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. నాచు పట్టిన రాళ్ళు బాగా జారుతాయి కాబట్టి పెద్దావిడను ఇసుక మీదనే కూర్చోబెట్టండి.

మీరు సాగర్‌నగర్‌లోనే ఉన్నారు కాబట్టి మరో సంగతి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వారు వాటిని సేకరించి, సాగర్‌నగర్, జోడుగుళ్ళపాలెం తీరంలోని సంరక్షణ కేంద్రాల్లో ఇసుకలో పాతిపెడతారు. సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వాటిని సముద్రంలోకి వదిలేటప్పుడు, అక్కడి సిబ్బందిని అడిగితే, పక్కన నిలబడి చూడవచ్చు. ఏ అక్వేరియం తొట్టె దీనికి సాటిరాదు.

సాగర్‌నగర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. మేమున్న వీధి చివరే తాబేళ్ళ కేంద్రం ఉన్నా దాన్ని ఈ ఉద్దేశంతో ఎప్పుడూ చూడలేదు. ఇంకా రెండు సందేహాలు. మా అత్తగారు గిరినాగును (కింగ్ కోబ్రాను) ఎక్కడ చూడవచ్చునని అడుగుతున్నారు. మా పెద్దబ్బాయి పాఠ్యపుస్తకంలో కలివికోడి గురించి చదివి, అది ఏ జూలో ఉంటుందని అడుగుతున్నాడు.

జవాబు: కంబాలకొండ నీడ

గిరినాగు కోసం అయితే మంగళూరు దగ్గరి పిలికుల జూకు వెళ్ళండి. అక్కడ గిరినాగులను పెంచి పిల్లలను చేయించారు. పాము ఎక్కువసేపు కదలకుండా పడుకుంటుందని, అద్దం మీద కొట్టకూడదని పిల్లలకు చెప్పి తీసుకువెళ్ళండి. మాడుగుల, పాడేరు వైపు ఇప్పటికీ తోటల్లోకి గిరినాగులు వస్తూనే ఉంటాయి కాబట్టి, మీ అత్తగారికి అది పాత పరిచయమే అయి ఉంటుంది.

కలివికోడి ఏ జూలోనూ లేదు. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. బట్టమేక పిట్టదీ (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఇంచుమించు ఇదే పరిస్థితి. రాజస్థాన్‌లో దానికి పునరుత్పత్తి కేంద్రం ఉన్నా, పక్షులు బెదరకూడదని సందర్శకులను రానివ్వరు. కొన్నిటిని మనకు చూపించకపోవడమే వాటికి క్షేమమని మీ అబ్బాయికి చెప్పండి. ఆ వయసు పిల్లలకు ఇది బాగానే అర్థమవుతుంది.

ప్రయాణం ఖాయం చేసుకునేముందు వారపు సెలవు చూసుకోండి. విశాఖ, హైదరాబాదు, నందన్‌కానన్ జూలకు సోమవారం, మైసూరుకు మంగళవారం, డార్జిలింగ్‌కు గురువారం సెలవు. నన్నడిగితే కార్తీకంలో నందన్‌కానన్, సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు పెట్టుకుని, ఫిబ్రవరి, మార్చి నెలలను తాబేళ్ళకు వదిలేయండి. డార్జిలింగ్‌కు వేసవిలో మీరూ పిల్లలూ వెళ్ళిరండి.