అమెరికా వాళ్ళు ఖర్చు తగ్గిస్తే మన రొయ్యల రేటు ఎందుకు పడుతుంది?

ఆకివీడు చెరువు: మాది వనామీ రకం రొయ్యల సాగు. మేత, సీడ్ (రొయ్య పిల్లలు), కరెంటు అన్నీ లెక్క వేసుకుంటాం, రేటు మాత్రం మన చేతిలో ఉండదు. కొనేవాళ్ళని అడిగితే "అక్కడ సరుకు కదలట్లేదండి" అంటారు. అక్కడంటే అమెరికా. వాళ్ళ ఖర్చు మనదాకా ఎలా వస్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

డల్లాస్ గోదారబ్బాయి: ఇక్కడ సీఫుడ్‌లో ఎక్కువగా తినేది రొయ్యే, అదీ చాలావరకు హోటళ్ళలో. 2021లో ప్రభుత్వం మనిషికి 1,400 డాలర్ల దాకా ఇచ్చింది, జనం బాగా ఖర్చుపెట్టారు. 2022 జూన్‌కి ద్రవ్యోల్బణం 9.1 శాతం. మా ఇంట్లో ముందు మానేసింది బయట తిండే. అద్దె ఆపలేం కదా!

కాకినాడ ఎగుమతి: మెలిక స్టాక్ దగ్గరుందండి. 2021 ఊపు చూసి అక్కడి దిగుమతిదారులు కోల్డ్ స్టోరేజీలు నింపేశారు. తర్వాత అమ్మకాలు మందగించాయి. తినేవాళ్ళు కొంచెమే తగ్గించినా, ఉన్న సరుకు అయ్యేదాకా కొత్త ఆర్డర్ పెట్టరు. అందుకే అక్కడి చిన్న తగ్గుదల ఇక్కడికొచ్చేసరికి పెద్ద దెబ్బ. మళ్ళీ గిరాకీ వస్తే అందరూ ఒకేసారి ఎగబడతారు.

నెల్లూరు హేచరీ: చైనా జనం జేబు కూడా చూడాలి. ఈక్వెడార్ రొయ్యకి పెద్ద మార్కెట్ అదే. అక్కడ గిరాకీ మెత్తబడితే ఆ సరుకు అమెరికాకి మళ్ళి మనతో పోటీ పడుతుంది.

తుని: మా అక్క రొయ్యల తొక్క వలిచే పీలింగ్ షెడ్‌లో చేస్తుంది, కూలి కిలోల లెక్కన. ఆర్డర్లు తగ్గితే పనిదినాలు తగ్గుతాయి. రైతు నష్టం పేపర్లో వస్తుంది, వీళ్ళది రాదు.

ఉండి రాజుగారు: అన్నీ తినేవాళ్ళ మీదకి నెట్టకండి. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాలు 50 శాతానికి పెంచింది. అప్పుడు అక్కడ తిండి తగ్గకముందే ఇక్కడ రేటు దించేశారుగా?

కాకినాడ ఎగుమతి: నిజమే రాజుగారూ. సుంకం ముందు కట్టేది అక్కడి దిగుమతిదారే. ధర పెంచినా జనం కొంటే ఆ భారం వాళ్ళది, జనం మానేస్తారనుకుంటే దిగుమతిదారులు మన రేటులో కోస్తారు. అప్పుడు వాళ్ళు కోసింది ఆ అంచనాతోనే.

ఆకివీడు చెరువు: అయితే 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) కోసం చెరువులో ఆపాలా, 100 కౌంట్‌కే పట్టేయాలా?

కాకినాడ ఎగుమతి: 30 కౌంట్ లాంటి పెద్ద సైజు రొయ్యలు ఎక్కువగా అమెరికా మీదే ఆధారం. ఆర్డర్లు సన్నగా ఉంటే కొంత ముందే పట్టేయండి, మేత ఖర్చయినా ఆగుతుంది.