ఎఫ్‌ఎంఆర్‌ఐ విశ్లేషణలో హద్దు మారితే క్లస్టర్ మాయమవుతోంది: దేన్ని నమ్మాలి?

ప్రశ్న (హనుమకొండ, ఎమ్మెస్సీ విద్యార్థి):

అందరికీ నమస్కారం. నేను గణాంకశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం, పరిశోధకులందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్న 16 మంది మెదడు స్కాన్లను (ఎఫ్‌ఎంఆర్‌ఐ, అంటే పని చేసేటప్పుడు మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే స్కాన్) తీసుకొని, వేళ్లు ఆడించే సమయానికీ ఊరికే ఉన్న సమయానికీ మధ్య తేడాను ప్రతి వాక్సెల్‌లోనూ (స్కాన్‌లోని చిన్న ఘనపు గడి) జనరల్ లీనియర్ మోడల్ అనే గణాంక పద్ధతితో లెక్కించాను. క్లస్టర్‌ను (తేడా కనిపించిన పక్కపక్క వాక్సెళ్ల గుంపు) ఏర్పరిచే హద్దును, అంటే ఒక్కో వాక్సెల్‌కు పెట్టే పి విలువను (నిజంగా తేడా లేకున్నా యాదృచ్ఛికంగా అంత తేడా కనిపించే అవకాశం), 0.01 పెడితే కదలికలను నడిపే మోటార్ కార్టెక్స్‌తో పాటు నుదుటి వైపు అంచున మరో పెద్ద క్లస్టర్ వస్తోంది. 0.001 పెడితే మోటార్ కార్టెక్స్ ఒక్కటే మిగులుతోంది. రెండు హద్దుల్లోనూ వచ్చిన ప్రతి క్లస్టర్‌కూ, ఎన్నో చోట్ల పరీక్షించినందుకు సవరించిన పి విలువ 0.05 లోపే ఉంది. ఏది రాయమంటారు?

జవాబు 1 (కాజీపేట, గణాంకశాస్త్ర అధ్యాపకురాలు):

0.001 ఫలితాన్నే రాయండి. కఠినమైన హద్దు ఎప్పుడూ అవసరమని కాదు గానీ, 0.01 దగ్గర సాఫ్ట్‌వేర్ వాడే సూత్రం సరిగా పనిచేయదు. పక్కపక్క వాక్సెళ్ల మధ్య సంబంధం దూరం పెరిగేకొద్దీ గాసియన్ (గంట ఆకారపు) వక్రంలా తగ్గిపోతుందని ఆ సూత్రం అనుకుంటుంది. నిజమైన స్కాన్లలో ఆ సంబంధం అంత త్వరగా తగ్గదు, కాబట్టి పెద్ద క్లస్టర్లు యాదృచ్ఛికంగానే ఏర్పడతాయి. 2016లో ఎక్లండ్, నికోల్స్, నట్సన్ అనే పరిశోధకులు విశ్రాంతిగా పడుకున్న 499 మంది స్కాన్లకు లేని పనిని ఆపాదించి పరీక్షించినప్పుడు, 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని సందర్భాల్లో 70 శాతం దాకా వచ్చాయి. 0.001 దగ్గర పరిస్థితి చాలావరకు మెరుగు.

జవాబు 2 (వరంగల్, పరిశోధక విద్యార్థి):

మేడమ్ చెప్పింది నిజమే, కానీ 16 మందే ఉన్నారు కాబట్టి సూత్రాన్ని నమ్ముకోవాల్సిన పనే లేదు. పర్మ్యుటేషన్ చేయండి. ఒక్కొక్కరి తేడా పటానికి ప్లస్, మైనస్ గుర్తులు మార్చి, ప్రతిసారీ అతిపెద్ద క్లస్టర్ పరిమాణాన్ని నమోదు చేసుకుంటే, మొత్తం 65,536 అమరికలు వస్తాయి; 5,000 యాదృచ్ఛికంగా తీసుకున్నా చాలు. మీ అసలు క్లస్టర్ ఆ జాబితాలో పైనున్న 5 శాతంలో ఉందో లేదో చూడండి. దోషాలు సున్నాకు ఇరువైపులా సమానంగా ఉండాలన్న షరతు మాత్రం ఇక్కడా వర్తిస్తుంది.

జవాబు 3 (కరీంనగర్, రేడియాలజీ వైద్యుడు):

లెక్క సంగతి వారు చెప్పారు, నేను బొమ్మ సంగతి అడుగుతాను. ఆ క్లస్టర్ మెదడు అంచును పట్టుకొని సన్నని చారలా సాగిందా? వేళ్లు ఆడించేటప్పుడు తల కూడా కాస్త కదులుతుంది, ఆ కదలిక పనితో పాటే వచ్చిపోతుంది కాబట్టి, మెదడుకూ ఖాళీ ప్రాంతానికీ మధ్యనున్న అంచు వాక్సెళ్లలో అది మెదడు చురుకుదనంలా కనిపిస్తుంది. తల కదలిక తాలూకు ఆరు కొలతలను (మూడు దిశల్లో జరగడం, మూడు దిశల్లో తిరగడం) మోడల్‌లో చేర్చారా?

ప్రశ్నించినవారు:

చారలాగానే ఉంది సార్, కొలతలు చేర్చలేదు. చేర్చి, పర్మ్యుటేషన్‌తో మళ్లీ నడుపుతాను. రెండు హద్దుల ఫలితాలూ పట్టికలో చూపవచ్చా?

జవాబు 1:

చూపవచ్చు. అయితే 0.001ను ప్రధాన ఫలితంగా, దాన్ని ఎప్పుడు ఎంచుకున్నారో దాచకుండా రాయండి. బొమ్మ చూశాక ఎంచుకున్న హద్దుకు 0.05 అన్న హామీ వర్తించదు.