నైట్రైట్ సున్నాకు రాకముందే ఉప్పునీటి ట్యాంకులో చేపలను వదలవచ్చా?

కొత్తకెరటం:
నాది 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు. ఇసుక, రాళ్లు రెండూ పొడివే. లైవ్ రాక్ (బ్యాక్టీరియా పట్టి ఉన్న సముద్రపు రాయి) వేయలేదు. శుద్ధి చేసిన నీటిలో ఉప్పు కలిపి సాంద్రతను 1.025 దగ్గర, ఉష్ణోగ్రతను 26 డిగ్రీల దగ్గర నిలిపాను. సీసా బ్యాక్టీరియా పోసి, అమ్మోనియం క్లోరైడ్ దాదాపు 1.3 గ్రాములు కరిగించి ఆ బ్యాక్టీరియాకు ఆహారంగా అమ్మోనియాను 2 పీపీఎంకు (లీటరుకు 2 మిల్లీగ్రాములకు) తెచ్చాను. ఇప్పుడు రెండో విడతగా వేసిన 2 పీపీఎం కూడా 24 గంటల్లో సున్నాకు దిగింది. నైట్రైట్ మాత్రం నీటి పరీక్ష కిట్ చూపగలిగే చివరి రంగు దగ్గరే, ముదురు ఊదాలోనే ఉండిపోయింది. ఒక జత క్లౌన్ చేపలను తేవచ్చా, ఇంకా ఆగాలా?

శంఖనాదం:
ఆగాలి. అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా బ్యాక్టీరియా వల్ల మారడాన్నే సైకిల్ అంటాం; రెండూ జరిగితేనే అది పూర్తయినట్టు. మీ ట్యాంకులో మొదటి సగమే నడుస్తోంది. రెండో సగం పని చేసే నైట్రోస్పైరా వంటి బ్యాక్టీరియా నిదానంగా స్థిరపడుతుంది. నైట్రైట్ విషం. అది సున్నా చూపేదాకా చేపల మాట తలపెట్టవద్దు.

పగడపుతోట:
శంఖనాదం గారు చెప్పింది మంచినీటి ట్యాంకుకు వర్తించే నియమం. మంచినీటిలో నైట్రైట్ మొప్పల్లోని క్లోరైడ్ దారి గుండానే రక్తంలోకి చొరబడి, ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. అందుకే ఆ చేపల రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది కాబట్టి, అదే దారి కోసం పోటీపడే కొన్ని మిల్లీగ్రాముల నైట్రైట్‌కు లోపలికి వెళ్లే అవకాశం చాలా తక్కువ. పైగా 2 పీపీఎం అమ్మోనియా మొత్తం మారితే 5.4 పీపీఎం నైట్రైట్ తయారవుతుంది. రెండు విడతలు వేసిన కొత్తకెరటం గారి పరీక్ష గొట్టంలో ముదురు ఊదా కనిపించడం లెక్క ప్రకారం జరగవలసిందే. అమ్మోనియా 24 గంటల్లో తొలగిపోతున్నప్పుడు ఒక జత క్లౌన్ చేపలకు ఆ ట్యాంకు చాలు.

ఇసుకగూడు:
నైట్రైట్ ఎక్కువగా ఉన్నప్పుడు నైట్రేట్ కిట్ కూడా లేనిపోని అంకె చూపుతుంది. ఆ అంకెను ఇప్పుడు పట్టించుకోకండి.

శంఖనాదం:
"చాలా తక్కువ" అన్నారే గాని "లేదు" అనలేదు కదా! సముద్రపు చేప నీటిని తాగుతూనే బతుకుతుంది, మొప్పలు ఒక్కటే దారి కాదు. రెండో దశ బ్యాక్టీరియా ఇంకా కుదురుకోలేదని ఆ ఊదా రంగే చెబుతున్నప్పుడు, ట్యాంకు సిద్ధంగా ఉందని ఎలా అంటారు?

పగడపుతోట:
సిద్ధంగా ఉండటం వేరు, విషంగా ఉండటం వేరు. మీరు మొదట రాసిన మాట "విషం". నేను కాదన్నది ఆ ఒక్క మాటనే. నేను ఈ వ్యాపకంలో అడుగుపెట్టిన రోజుల్లో ఒక బృందంలోని పెద్దలు ఇదే అంకె చూపించి, నాకు జీవుల పట్ల దయ లేదని పదిమందిలో అన్నారు. కారణం చెప్పమని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. నాతోపాటు మొదలుపెట్టిన మిత్రుడు ఖాళీ ట్యాంకును చూసి చూసి విసిగి, చివరికి దానిని అమ్మేశాడు.

పాతఓడ:
ఇంత వాదన ఎందుకు? ఒక డామ్సెల్ చేపను వదిలితే అదే సైకిల్ నడిపిస్తుంది. అది గట్టి చేప, తట్టుకుంటుంది.

శంఖనాదం:
పగడపుతోట గారూ, మీ సలహా చివరికి ఎక్కడికి చేరుతుందో పైన చూడండి. ఈ రోజు నైట్రైట్ ఫరవాలేదంటే, రేపు అమ్మోనియా ఫరవాలేదంటారు.

పగడపుతోట:
నేను అనని మాటను నాకు అంటగట్టవద్దు! అమ్మోనియా ఉన్న నీటిలో చేపను వదలమని నేను ఎక్కడ రాశానో చూపించండి. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది; పీహెచ్ 7 ఉన్న మంచినీటితో పోలిస్తే అక్కడ అమ్మోనియాలో విషరూపంలో ఉండే వాటా పది రెట్లకు పైగా పెరుగుతుంది. పాతఓడ గారి పద్ధతిని నేనూ అంతే గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఆ డామ్సెల్ బతికి బయటపడినా ట్యాంకంతా తనదే అన్నట్టు తర్వాత వచ్చే చేపలను తరిమి కొరుకుతుంది, రాళ్లన్నీ తీస్తే తప్ప చేతికి చిక్కదు.

శంఖనాదం:
అయితే నా కోపానికి కారణం చెబుతాను. చేపలమ్మే ఒకాయన "తట్టుకుంటుంది" అని భరోసా ఇచ్చి, కొత్త ట్యాంకు కోసం మా అన్నయ్యకు ఒక డామ్సెల్‌ను అంటగట్టాడు. అది నీటి పైఅంచుకు చేరి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. మొప్పల మూత లేచినప్పుడల్లా లోపల రక్తం చిమ్మినంత ఎరుపు కనిపించేది. చచ్చేదాకా అది మేత ముట్టలేదు. కొత్తవారికి ఒకే నియమం ఉండాలి: రెండు అంకెలూ సున్నా. అందులో కొంత అతి జాగ్రత్త ఉంటే ఉండనివ్వండి. మినహాయింపు నేర్పితే వారు మినహాయింపునే గుర్తుపెట్టుకుంటారు.

పగడపుతోట:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చారు. మన తగాదా నైట్రైట్ గురించి కానే కాదు. కొత్తవారు నిజాన్ని సరిగా వాడుకోలేరని మీ నమ్మకం. కారణం తెలియని నియమాన్ని మొదటి ఇబ్బందిలోనే వదిలేస్తారని నా నమ్మకం. ఆగమని చెప్పండి, నాకు అభ్యంతరం లేదు. బ్యాక్టీరియా ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఆగమని చెప్పండి. విషమని చెప్పి ఆపితే, అది విషం కాదని తెలిసిన రోజున మీ మిగతా మాటలను కూడా వారు నమ్మరు.

శంఖనాదం:
నమ్మకపోతే నాకు నష్టం లేదు, చేపకు నష్టం. నా మాట మార్చుకోను.

ఇసుకగూడు:
కొత్తకెరటం గారూ, నీటిలోని అమ్మోనియాను బంధించే మందు ఏదైనా వేశారా? వేసి ఉంటే కిట్ అంకెను నమ్మలేం.

కొత్తకెరటం:
అటువంటి మందు ఏదీ వేయలేదు. ఈ రాత్రి మరొకసారి అమ్మోనియా వేసి, రేపు ఇదే వేళకు కొలిచి రాస్తాను. అది మళ్లీ సున్నాకు దిగితే చిన్న క్లౌన్ చేపలు రెండింటిని తెచ్చి, మొదటి వారం మేత తగ్గించి, అమ్మోనియాను రోజూ పరీక్షిస్తాను.

శంఖనాదం:
ఈసారి 2 పీపీఎం వద్దు, 1 చాలు. ఇప్పటికే పేరుకున్న నైట్రైట్‌ను ఇంకా పెంచడమెందుకు? రేపటి అంకెతోపాటు పీహెచ్ కూడా రాయండి.