సమస్య: హెచ్చవేయ నంకె హెచ్చ దయ్యె

నిర్వాహకుడు: ఇదే చివరి పాదంగా వచ్చేలా ఆటవెలదిలో పూరించండి. కనీసం అయిదంకెల సంఖ్య ఒకటి తీసుకుని, దాని గుణాన్ని పద్యంలో పట్టాలి.

గౌతమీతీరం:
కోటి నొకటి చేత గుణియింపఁ గోటియే
సున్నచేత నైన సున్న మిగులు
చిన్న కిటుకు గాదె చిత్ర మేమున్నది
హెచ్చవేయ నంకె హెచ్చ దయ్యె

లెక్కల మాస్టారు: ధార బాగుంది, కో-గు వర్గయతి (ఒకే వర్గపు హల్లులకు చెల్లే యతి) సరిపోయింది. కానీ ఒకటితో హెచ్చవేస్తే ఏ సంఖ్యయినా అంతే కదండీ. కోటికి సొంతమైన గుణం ఇందులో లేదు. సమస్యను దాటారు, పూరించలేదు.

వెన్నెలగుప్ప:
ఒకటి నాల్గు రెండు నొనరంగ నెనిమిది
యైదు నేడుఁ గలుగు నట్టి సంఖ్య
మూట గుణన సేయ మొదటిది తుదఁ జేరు
హెచ్చవేయ నంకె హెచ్చ దయ్యె

లెక్కల మాస్టారు: శభాష్ అమ్మా! 142857ని 3తో హెచ్చవేస్తే 428571. ముందున్న ఒకటి నిజంగానే చివరికి వెళ్ళింది. మూడో పాదంలో లెక్క మొత్తం కళ్ళకు కట్టింది. ఒక్క సవరణ: సమస్యలో ‘అయ్యె’ భూతకాలం కాబట్టి ‘తుదఁ జేరె’ అనండి, గణం చెడదు.

ఇది ఎందుకిలా తిరుగుతుందో కూడా చెప్పుకోవాలి. 1ని 7తో భాగించి చూడండి, దశాంశ బిందువు తర్వాత 142857 పదేపదే వస్తుంది. శేషాలు 3, 2, 6, 4, 5, 1 అని వరసగా వచ్చి మళ్ళీ 3 దగ్గర మొదలవుతాయి. సున్న కాక ఏడుకి సాధ్యమైన ఆరు శేషాలూ ఒకే చక్రంలో ఉన్నాయి. అందుకే 2 నుంచి 6 దాకా దేనితో హెచ్చవేసినా అదే చక్రం, మొదలుపెట్టే చోటు మాత్రమే వేరు: 285714, 428571, 571428, 714285, 857142.

కొత్తచిగురు:
ఏడు చేతఁ బెంచ నింపుగఁ దొమ్మిది
యారు చోట్ల నిలిచె నంద మొప్ప
నిట్టి సంఖ్య గనిన హృదయము పొంగదే
హెచ్చవేయ నంకె హెచ్చ దయ్యె

గౌతమీతీరం: ఇ-హృ యతి ముచ్చటగా పడింది, బాబూ. ‘ఇంపుగ’, ‘అంద మొప్ప’ మాత్రం గణాల కోసం వచ్చినవే. అసలు చిక్కు నాలుగో పాదంలో ఉంది. ఏడుతో వచ్చేది 999999. ఒకటి ఉన్న చోట తొమ్మిది కూర్చుంటే అంకె హెచ్చినట్టేగా!

కొత్తచిగురు: నిజమేనండీ. మరి ఎనిమిదితో?

లెక్కల మాస్టారు: 1142856. ముందున్న 1 తీసి చివరి 6కి కలుపు, 142857 మళ్ళీ వస్తుంది. దీన్ని పద్యంలో పెట్టగలిగితే నీ పూరణ నిలబడుతుంది.

నిర్వాహకుడు: అంకెల్ని పేర్లతో కాక భూతసంఖ్యల్లో, అంటే ఒక్కో అంకెను సూచించే వస్తువుల పేర్లతో, చెబితే పాదం బిగుస్తుందని నా ప్రయత్నం:
గిరిశరేభనేత్రకృతచంద్ర సంఖ్యను
రెండు నుండి యారు లెక్కదాక
వరుస తిరిగె గాని వస్తువు లొక్కటే
హెచ్చవేయ నంకె హెచ్చ దయ్యె

గిరి 7, శర 5, ఇభ 8, నేత్ర 2, కృత 4, చంద్ర 1. కుడి నుంచి ఎడమకి చదవాలి.

వెన్నెలగుప్ప: మొదటి పాదంలోనే ఆరంకెలూ ఇమిడిపోయాయి! గి-కృ యతి కూడా కుదిరింది. ‘లెక్కదాక’ కొంచెం వదులుగా ఉందనిపించింది. 1/17తో వచ్చే 0588235294117647 కూడా ఇలాగే తిరుగుతుంది, 16 దాకా. ఆ పదహారంకెలకీ సీసం అయితే చోటు సరిపోతుందేమో, రేపు ప్రయత్నిస్తాను.