లివర్ స్టేజ్ ప్రోటీన్లు: ఎలుకల మలేరియాను నమ్ముకోవడం ఇక చాలా?

హెపటోసైట్:
దోమ కుట్టినప్పుడు వదిలే మలేరియా పరాన్నజీవి రూపాలు, అంటే స్పోరోజాయిట్లు, ముందు కాలేయం చేరతాయి. అక్కడ ఒక్కొక్కటి వేలకొద్దీ మీరోజాయిట్లుగా (రక్తకణాలకు సోకే రూపాలుగా) పెరిగి రక్తంలోకి దిగాకే జ్వరం. ఆ దశలో పరాన్నజీవికి ఏ ప్రోటీన్లు అవసరమో తెలిస్తే జ్వరం రాకముందే ఆపొచ్చు. కానీ మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఎలుకలకు సోకే బెర్గీ, యోలీ అనే మలేరియా జాతుల నుంచి వచ్చిందే. అది తగ్గించి డబ్బు మనుషులకు సోకే ఫాల్సిపరమ్, వైవాక్స్ జాతుల మీద పెట్టాలంటాను.

సీతాఫలం:
అనడం తేలికేనండి. బెర్గీ కాలేయ దశ రెండు రెండున్నర రోజుల్లో అయిపోతుంది. ఫాల్సిపరమ్‌కు దాదాపు వారం, పైగా మనిషి కాలేయ కణాలు కావాలి. వైవాక్స్‌ను ల్యాబ్‌లో నిరంతరం పెంచే పద్ధతే లేదు, ప్రతిసారీ రోగి రక్తం దోమలకు పట్టాలి. బెర్గీతో చేసినా పరాన్నజీవి చేరే కణాలు చాలా కొద్ది. మిగతా కణాల ప్రోటీన్ల గుంపులో దాని ప్రోటీన్లు మాస్ స్పెక్‌కు (ప్రోటీన్లను గుర్తించే యంత్రానికి) దొరకవు. అందుకే మెరిసే పరాన్నజీవులను వాడి, అవి ఉన్న కణాలను ఏరాలి. 2008లో యోలీతో అలాగే చేశారు.

హెపటోసైట్:
సులువు సరే, జవాబు సరైనదేనా? ఫ్యాటీ యాసిడ్లు తయారుచేసే ఎంజైములనే తీసుకోండి. ఎలుకల పరాన్నజీవిలో ఆ జీన్లు తీసేస్తే దోమలో బాగానే పెరిగి, కాలేయ దశ చివర్లో ఆగిపోయింది. రక్తంలోకి దిగకుండా ఆగిపోయే బతికున్న పరాన్నజీవినే వ్యాక్సిన్‌గా ఇవ్వొచ్చు, ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది. 2014లో అదే పని ఫాల్సిపరమ్‌లో చేస్తే అసలు దోమలోనే స్పోరోజాయిట్లు తయారవలేదు! ఇక ఎల్ఎస్ఏ-1 అనే ప్రోటీన్ ఫాల్సిపరమ్ కాలేయ దశలో ఉంటుంది, ఎలుకల మలేరియాలో లేనే లేదు.

సీతాఫలం:
ఆ ఎల్ఎస్ఏ-1తో చేసిన వ్యాక్సిన్‌ను మనుషులకు ఇచ్చి చూశారు, రక్షణ రాలేదు. అదే కాలేయ దశకు అవసరమని ఎలుకల మలేరియాలో పట్టుకున్న పి52, పి36 జీన్ల కథ వేరు. రెండూ తీసేసిన ఫాల్సిపరమ్‌ను వ్యాక్సిన్‌గా ఇచ్చినప్పుడు ఒక వాలంటీర్‌కు రక్తంలో పరాన్నజీవి కనిపించిన మాట నిజమే. శాప్1 అనే మూడో జీన్ కూడా తీసేశాక ఎవరికీ కనబడలేదు. ఆ మూడో జీన్ సంగతి చెప్పిందీ ఎలుకే.

పాడేరు_ల్యాబ్_టెక్నీషియన్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇక్కడ ఏజెన్సీలో వైవాక్స్ తగ్గిందనుకున్న మనిషికి కొన్ని నెలలకు మళ్లీ జ్వరం. కాలేయంలో నిద్రపోయే రూపాల పని అది. వాటికి ఇచ్చే ప్రైమాక్విన్ 14 రోజులు మింగించడం ఎంత కష్టమో మాకు తెలుసు. నాలుగో రోజుకు ఒళ్లు తేలికపడితే మాత్రలు చూరులోకి పోతాయి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లతో ఇంకో టెన్షన్, ఈ మందుతో వాళ్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. మీరిద్దరూ చెప్పే ఎలుకల మలేరియాలో ఈ నిద్ర రూపం ఉందా?

సీతాఫలం:
లేదండి. ఆ విషయంలో ఎలుక పనికిరాదు. కోతుల్లో వచ్చే సైనోమోల్గై అనే మలేరియా జాతిలో ఉంది. 1948లో షార్ట్, గార్న్‌హమ్ అనే శాస్త్రవేత్తలు కాలేయ దశను చూపించింది కూడా దాంట్లోనే. హెపటోసైట్ గారూ, కోతులకయ్యే ఖర్చు, వాటికి కావాల్సిన అనుమతులు మీకూ తెలుసు. ఎలుకల పని తగ్గించి మిగిల్చే డబ్బు అందులో ఏ మూలకు వస్తుంది?