కడిగిన సైనిక వాహనం ‘శుభ్రం’ అని ఏ లెక్కన చెప్పాలి?

అందరికీ నమస్కారం. నేను ఇండస్ట్రియల్ సేఫ్టీలో ఎం.టెక్. చేస్తున్నాను. రసాయన దాడికి గురైన సైనిక వాహనాలను కడిగాక మళ్లీ ఎప్పుడు వాడుకోవచ్చన్నది నా సెమినార్ అంశం. తేలికనుకుని తీసుకున్నాను, ఇప్పుడు తల పట్టుకు కూర్చున్నాను.

చర్మాన్ని బొబ్బలెక్కించే రసాయన ఆయుధం మస్టర్డ్ గ్యాస్‌నే తీసుకోండి. పేరుకే గ్యాస్, నిజానికి నూనెలాంటి ద్రవం. 14 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. మామూలు పెయింటులోకి, రబ్బరులోకి, సీటు గుడ్డలోకి ఇంకిపోతుంది. పైపైన ఎంత తోమినా, ఎండ తగలగానే లోపలున్నది ఆవిరై బయటికొస్తుంది. రంగు మారే పరీక్ష కాగితమేమో ద్రవపు చుక్కల్నే పడుతుంది, ఆవిరిని పట్టదు. కాగితం మారలేదు కదా అని మాస్కు తీసేస్తే అంతే సంగతులు.

అమెరికా పాత పద్ధతిలో పూర్తిగా విషరహితమని చెప్పడానికి ‘5ఎక్స్’ అనే స్థాయి ఉండేది: 538 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు వేడిచేయాలి. ఇనుప తుక్కుకైతే సరే, రేడియో సెట్టును అలా కాలిస్తే ఇంకేం మిగులుతుంది? గాలిలో ఆవిరికైతే అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2004లో పరిమితి పెట్టింది: 8 గంటల పనికి ఘనపు మీటరుకు 0.0004 మిల్లీగ్రాములు.

నా సందేహమల్లా ఇదే. చేతికి తగిలే ఉపరితలం మీద ఎంత మిగలొచ్చో ఈ గాలి పరిమితి నుంచి రాబట్టవచ్చా, లేక చర్మానికి వేరే లెక్క ఉందా? మూసిన క్యాబిన్‌లో ఆవిరి కొలవాలంటే ఎన్ని గంటలు ఆగాలి, ఎంత వేడిలో? చలికాలంలో పాసైన బండి మన మే నెల ఎండలో ఫెయిలవదా?

సైన్యంలోనో, పురుగుమందుల కర్మాగారాల్లోనో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. రహస్యాలేం అక్కర్లేదు, లెక్క కట్టే తీరు తెలిస్తే చాలు. సెమినార్ వచ్చే నెలలోనే.